పేరు రాసుకొనే ముందు: సెక్స్ వర్కర్లతో ఏళ్లతరబడి సాగే ఆరోగ్య పరిశోధనల్లో సమూహం పాత్ర ఏమిటి?

విల్లియనూరు (పుదుచ్చేరి): పుదుచ్చేరి ప్రాంత ప్రజలకు పరిశోధకులు ఇంటికి రావడం, రక్తనమూనా అడగడం కొత్త సంగతి కాదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్)కి చెందిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ 1975 నుంచి ఇక్కడ పనిచేస్తోంది. బోదకాలు కలిగించే సూక్ష్మక్రిములు ఎక్కువగా రాత్రివేళల్లోనే రక్తప్రవాహంలో కనిపిస్తాయి గనుక, ఆ వ్యాధి సర్వేలలో సిబ్బంది చీకటి పడిన తర్వాత ఇంటింటికీ తిరిగి వేలికొన నుంచి రక్తపు చుక్క తీసుకోవడం చిరకాలపు ఆనవాయితీ. జిప్‌మర్ వైద్యులు క్షయరోగుల కుటుంబాలను ఏళ్ల తరబడి అనుసరిస్తూ చేస్తున్న అధ్యయనాలూ ఉన్నాయి. వీధిలోని అన్ని తలుపులూ తట్టినప్పుడు ఏ ఇంటికీ అపకీర్తి అంటదు. అదే ఆరోగ్య కార్యకర్త, అదే చేతిసంచితో, వీధిలో ఒక్క గడప దగ్గరే ఆగితే? మూడు నెలలకోసారి మళ్లీ అక్కడికే వస్తే? ఇరుగుపొరుగు లెక్క కట్టడానికి ఎంతోకాలం పట్టదు.

సెక్స్ వర్కర్ల ఆరోగ్యంపై దీర్ఘకాలం సాగే పరిశోధనలకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. విల్లియనూరు పుదుచ్చేరి నగరానికి పడమట, విల్లుపురం వెళ్లే దారిలో సుమారు పది కిలోమీటర్ల దూరాన ఉన్న చిన్న పట్టణం. తిరుక్కామీశ్వరుడి రథోత్సవానికీ, లూర్దుమాత పుణ్యక్షేత్రానికీ ఊరంతా కదిలివస్తుంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసే ఇటువంటి ఊళ్లలో, దక్షిణాదిలో దాదాపు అంతటా ఉన్నట్లే, ఈ వృత్తికి ప్రత్యేకమైన వాడలు ఉండవు. ఇంటి నుంచి, ఫోను మీద, బస్టాండు పరిసరాల్లో, లాడ్జీల్లో సాగుతుంది. చాలామంది మహిళల కుటుంబాలకే ఈ విషయం తెలియదు. అందువల్ల పరిశోధనలో చేరడమంటే రక్తం ఇవ్వడం మాత్రమే కాదు. ఇంతకాలం దాచుకొన్న ఒక విషయాన్ని కాగితం మీదికి ఎక్కనివ్వడం కూడా.

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనే ఉన్న తెలుగు పట్టణం యానానికీ ఈ చర్చ వర్తిస్తుంది. విల్లియనూరుకు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన, కాకినాడ చేరువలో ఉన్న యానానికి పాలన పుదుచ్చేరిది, భాషా బంధుత్వాలు గోదావరి జిల్లాలవి. ఈ అంశంపై దేశంలో జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో కొన్ని ఆ గోదావరి తీరంలోనే జరిగాయి.

ఒకసారి అడగడం వేరు, పదేళ్లు అడగడం వేరు

ఆరోగ్య సర్వేలు రెండు తీరులు. మొదటిదానిలో ఒక రోజు వెళ్లి ప్రశ్నలు అడిగి, నమూనా తీసుకొని వస్తారు. పేరుతో పని ఉండదు, సంఖ్య చాలు. రెండోదానిలో అదే వ్యక్తిని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కలుస్తారు. దీనినే కోహార్ట్ అధ్యయనం అంటారు. ఒక వ్యాధి ఎప్పుడు సోకింది, ఎవరికి సోకలేదు, మందు వాడినవారికీ వాడనివారికీ తేడా ఎంత అనే ప్రశ్నలకు రెండో పద్ధతి మాత్రమే గట్టి సమాధానం ఇవ్వగలదు. అయితే దానికి వ్యక్తిని మళ్లీ గుర్తుపట్టే ఆనవాలు కావాలి. చిరునామా, ఫోను నంబరు, ఆమె దొరకకపోతే కబురు చేయడానికి మరొకరి పేరు, కొన్ని చోట్ల వేలిముద్ర కూడా అడుగుతారు. శాస్త్రానికి ఎంత అవసరమో, ఆమెకు అంత ప్రమాదం.

ఆ ప్రమాదం ఊహాజనితం కాదు. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం ఒక వయోజన మహిళ తన ఇష్టంతో లైంగిక సేవను అమ్ముకోవడం నేరం కాదు. కానీ వ్యభిచార గృహం నడపడం, ఆ సంపాదనపై ఇతరులు బతకడం, బహిరంగ ప్రదేశంలో పిలవడం, గుడి, బడి వంటి వాటికి 200 మీటర్ల లోపు ఈ పని చేయడం నేరాలు. చుట్టూ ఉన్నదంతా నేరమైనప్పుడు నడుమ ఉన్నది నేరం కాకపోవడం వల్ల ఒరిగే రక్షణ స్వల్పం. పరిశోధకుల వద్ద ఉన్న జాబితా గానీ, మహిళలు ఎక్కడెక్కడ కలుస్తారో చూపే పటం గానీ పోలీసుల చేతిలో పడితే ఏమవుతుందన్న భయానికి మూలం అక్కడే ఉంది.

మద్రాసు, 1986

మన దేశంలో ఎయిడ్స్ చరిత్ర మొదలైందే సెక్స్ వర్కర్ల రక్తనమూనాలతో. 1985 చివరలో మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, ఆచార్యురాలు సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో ఈ పరిశోధన చేపట్టారు. మద్రాసులో ప్రత్యేక వాడ లేనందున మహిళలను వెదకడం ఆమెకు కష్టమైంది. చివరకు పోలీసులు పట్టుకొన్న మహిళలను ఉంచే ప్రభుత్వ సంరక్షణ గృహంలో నమూనాలు సేకరించారు. వాటిని రైలులో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకువెళ్లి పరీక్షించగా ఆరింటిలో వైరస్ ఆనవాళ్లు బయటపడ్డాయి. అమెరికాలో జరిగిన మరో పరీక్షలోనూ అది నిజమని తేలింది. దేశం మేలుకొన్నది ఆ ఫలితంతోనే. నిర్మల ధైర్యాన్నీ శ్రమనూ తక్కువ చేయడానికి వీలులేదు. అయితే పరీక్ష దేనికోసమో ఆ మహిళలకు తెలియదని ఆమే దశాబ్దాల అనంతరం బీబీసీకి ఇచ్చిన ఇంటర్వ్యూలో చెప్పారు.

నాలుగు గోడల నడుమ, పోలీసుల అదుపులో ఉన్న వ్యక్తి చేయి చాపితే అది సమ్మతి అనిపించుకోదు. ఇక ఆ తర్వాత జరిగినది మరింత చేదు కథ. హెచ్ఐవీ ఉందన్న కారణంతో తమిళనాడులో కొందరు మహిళలను శిక్షాకాలం ముగిసినా విడిచిపెట్టలేదు. పాత్రికేయురాలు శ్యామలా నటరాజ్ మద్రాసు హైకోర్టును ఆశ్రయించిన తర్వాతే, 1990లో వారికి విముక్తి లభించింది. రక్తం ఇచ్చినవారికి తిరిగి దక్కింది నిర్బంధం. ఈ కథ చెన్నై నుంచి పుదుచ్చేరికీ, అక్కడి నుంచి రాజమండ్రికీ ఈ వృత్తిలోని మహిళల నోటిమాటగా చేరిందో లేదో గానీ, ప్రభుత్వ ఆసుపత్రి కాగితం అనగానే వారిలో కలిగే జంకు వెనుక ఇటువంటి చరిత్రే ఉంది.

గోదావరి తీరంలో కూపన్లు

2003లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో ఆరు రాష్ట్రాల్లో 'ఆవాహన్' హెచ్ఐవీ నివారణ కార్యక్రమం ప్రారంభమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. దాని ఫలితాలను కొలవడానికి ఐసీఎంఆర్ సంస్థలు పెద్ద సర్వేలు చేపట్టాయి. రాష్ట్రంలోని ఎనిమిది జిల్లాల్లో ఆ బాధ్యత హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వహించింది. 2005-06లో ఒకసారి, 2009లో మరోసారి, ప్రతి విడతలోనూ మూడు వేలకు పైగా మహిళా సెక్స్ వర్కర్లు పాల్గొన్నారు. మొదటి విడతలో వారిలో హెచ్ఐవీ సుమారు 18 శాతం, రెండో విడతలో సుమారు 13 శాతం. సవాయి వ్యాధి కూడా తగ్గింది.

ఈ అంకెలు చాలాచోట్ల అచ్చయ్యాయి. వాటి వెనుక జరిగిన మరో పనిని గురించి చెప్పుకొన్నవారు తక్కువ. సర్వే మొదలయ్యే ముందు ఆయా జిల్లాల్లో సెక్స్ వర్కర్ల ప్రతినిధులతో సలహా మండళ్లు, పర్యవేక్షక బృందాలు ఏర్పాటయ్యాయి. సిబ్బంది ఏ వేళకు రావాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ ప్రశ్న అవమానకరంగా ఉంది, ఎవరైనా బలవంతపెడుతున్నారా అన్నవి ఆ బృందాల ముందుకు వచ్చేవి. తలనొప్పి తెచ్చిపెట్టే పనిగా కొందరు శాస్త్రవేత్తలకు తోచి ఉండవచ్చు. కానీ ప్రశ్నపత్రం ఎంత పకడ్బందీగా ఉన్నా, ఎదుటి మనిషి భయంతో చెప్పే జవాబు తప్పుడు అంకెగానే మిగులుతుంది.

రాజమండ్రి ఉదాహరణ ఇంకా వివరంగా చూడదగినది. అక్కడ కేర్ సంస్థ 'సక్షం' పేరిట నివారణ కార్యక్రమం నడిపింది. దానికి జోడుగా అమెరికాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త కిమ్ బ్లాంకెన్‌షిప్ నాయకత్వంలో 'పరివర్తన్' పరిశోధన సాగింది. 2006లో మొదలుకొని కొన్నేళ్ల వ్యవధిలో పలు విడతలుగా సర్వేలు చేశారు. తొలి విడతలో 812 మంది మహిళలు పాల్గొన్నారు. వారిని వెదకిన తీరు గమనించదగినది. పరిశోధకులు తలుపులు తట్టలేదు. ముందుగా కొద్దిమంది మహిళలతో మొదలుపెట్టి, ఒక్కొక్కరికి పరిమితంగా కొన్ని కూపన్లు ఇచ్చారు. ఆమె తనకు తెలిసిన మరో మహిళకు కూపను అందిస్తుంది. ఇష్టమైతే ఆ రెండో మహిళ తానే కేంద్రానికి వస్తుంది, ఇష్టం లేకపోతే కూపను చింపిపారేస్తుంది. ఆమె ఎవరో పరిశోధకులకు తెలియనే తెలియదు. కాదనే హక్కు ఎవరికీ కనబడకుండానే వినియోగించుకొనే వీలు ఈ పద్ధతిలో ఉంది.

అందులో లొసుగులూ లేకపోలేదు. కూపనుకు కొంత పారితోషికం ముడిపడి ఉంటుంది గనుక అది చేతులు మారి అమ్ముడుపోవచ్చు. మధ్యవర్తి ఎవరైనా తన అధీనంలోని మహిళలను బలవంతాన పంపవచ్చు. కూపను ఎవరి నుంచి ఎవరికి చేరిందో నమోదయ్యే పట్టిక తానే ఒక పరిచయాల చిత్రపటం, దానిని దాచవలసిన బాధ్యత పేర్ల జాబితాను దాచడం కన్నా చిన్నది కాదు.

ఈ పరిశోధన నుంచి వెలువడిన విషయాల్లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కండోమ్ వాడకం మహిళల తెలివిడి మీద కన్నా, తన పని షరతులను తానే నిర్ణయించుకొనే శక్తి మీద, ఆర్థికంగా ఇతరులపై ఆధారపడకపోవడం మీద, కార్యక్రమంలో పాల్గొనడం మీద ఆధారపడుతున్నట్లు ఆ అధ్యయనం చూపింది. పోలీసు దాడులు, మామూళ్లు, వేధింపులపై అదే బృందం చేసిన మరో అధ్యయనం 2009లో వెలువడింది. సంఘటితమైన మహిళలు, ఆపద వేళ వెంటనే స్టేషనుకు వెళ్లే బృందాలు, న్యాయసలహా తోడైనప్పుడు పోలీసుల వ్యవహారశైలి మారడాన్ని అది నమోదు చేసింది. వైద్య పరిశోధన అనుకొని మొదలుపెట్టినది పోలీసు స్టేషను గుమ్మం దాకా వెళ్లింది. మహిళలు తమ మొదటి సమస్యగా చెప్పింది రోగాన్ని కాదు, లాఠీని. వారి మాట వినకపోయి ఉంటే ఆ ప్రశ్నే పరిశోధనలోకి వచ్చేది కాదు.

నైరోబీ: నలభై ఏళ్ల పరిచయం

ప్రపంచంలో ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా మొదట వినిపించే పేరు కెన్యా రాజధాని నైరోబీలోని పుంవానీ-మాజెంగో బస్తీది. లైంగిక వ్యాధులపై కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం, నైరోబీ విశ్వవిద్యాలయం కలిసి అక్కడ పని ప్రారంభించాయి. 1985లో హెచ్ఐవీ పరీక్ష చేయగా బస్తీలో పరీక్షించిన మహిళల్లో సగానికి మించి ఇప్పటికే వైరస్ బారిన పడినట్లు తేలింది. ఫ్రాంక్ ప్లమర్ తదితర శాస్త్రవేత్తలు వారిని ఏళ్ల తరబడి అనుసరించారు. వందల మందిలో కొద్దిమంది మహిళలకు ఎంతకాలం గడిచినా వైరస్ సోకకపోవడం వారిని ఆశ్చర్యపరిచింది. వారి రోగనిరోధక శక్తిలోని రహస్యం తెలిస్తే టీకా తయారు చేయవచ్చన్న ఆశతో ఆ బస్తీ రక్తనమూనాలు ఖండాంతర ప్రయోగశాలలకు చేరాయి.

అక్కడ పరిశోధన అంతకాలం నిలవడానికి ఎలిజబెత్ ఎన్‌గుగి అనే నర్సు ముఖ్య కారణం. ఆమె మహిళలను బహిరంగ సమావేశాలకు పిలిచేవారు. ఆ సమావేశాలను అక్కడి భాషలో 'బరాజా' అంటారు, మన ఊళ్ల రచ్చబండ వంటిది. ఫలితాలను అక్కడ వివరించేవారు, మహిళలు తమలో నుంచి నాయకులను ఎన్నుకొనేవారు. క్లినిక్కులో అన్ని జబ్బులకూ వైద్యం దొరికేది. ఈ సంబంధం లేకుంటే ఏ శాస్త్రవేత్తా ఆ బస్తీలో అంతకాలం నిలబడగలిగేవాడు కాదు.

అయినా లెక్క సరిపోయిందని అనలేము. హెచ్ఐవీని అదుపు చేసే మందులు సంపన్న దేశాల్లో 1990 దశకం మధ్యలోనే వచ్చాయి. మాజెంగో మహిళలకు అవి అందింది మరో దశాబ్దం దాటాక, అమెరికా ప్రభుత్వ సహాయ నిధులు వచ్చిన తర్వాత. ఆ నడుమ, ప్రపంచ వైద్యానికి సమాచారం అందిస్తూనే ఎందరో మహిళలు మరణించారు. ఆ బస్తీ పరిశోధన ఆధారంగా రూపొందిన టీకా పేటెంటు విషయంలో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలకూ నైరోబీ శాస్త్రవేత్తలకూ వివాదం తలెత్తి, ఒప్పందాన్ని సవరించుకోవలసి వచ్చింది. గమనించవలసినదేమంటే, ఆ వివాదంలో ఇరుపక్షాలూ శాస్త్రవేత్తలే. రక్తం ఇచ్చినవారు పక్షంగా లేరు.

వారు పక్షంగా నిలిచింది తర్వాత. ఐరోపా సంఘం నిధులతో నడిచిన 'ట్రస్ట్' ప్రాజెక్టు 2018లో పేద ప్రాంతాల్లో పరిశోధనలకు ఒక అంతర్జాతీయ నియమావళిని వెలువరించింది. దాని రూపకల్పనలో దక్షిణాఫ్రికాలోని సాన్ ఆదివాసులతో పాటు నైరోబీ సెక్స్ వర్కర్లూ తమ అనుభవాలు చెప్పారు. న్యాయం, గౌరవం, శ్రద్ధ, నిజాయితీ అనే నాలుగు విలువల చుట్టూ 23 నిబంధనలు అందులో ఉన్నాయి. ఫలితాలను పాల్గొన్నవారికి అర్థమయ్యే భాషలో తిరిగి చెప్పాలన్నది, పరిశోధన అవసరమా కాదా అన్న దశలోనే స్థానికులను సంప్రదించాలన్నది వాటిలో ఉన్నాయి. ఐరోపా సంఘం తన పరిశోధన నిధులకు దీనిని ప్రామాణికంగా స్వీకరించింది.

మాట్లాడకపోతే ఏమవుతుంది?

దీనికి కంబోడియా జవాబు. టెనోఫోవిర్ మాత్ర రోజూ వేసుకొంటే హెచ్ఐవీ సోకకుండా కాపాడుతుందా అని తేల్చడానికి అక్కడ 960 మంది సెక్స్ వర్కర్లతో ప్రయోగం తలపెట్టారు. దుష్ప్రభావాలు ఏర్పడితే ప్రయోగం ముగిసిన తర్వాత కూడా వైద్యం ఎవరు చూస్తారని మహిళల సంఘం అడిగింది. దీర్ఘకాల వైద్య బీమా కోరింది. సంతృప్తికరమైన సమాధానం రాలేదు. 2004 ఆగస్టులో ప్రధాని హున్ సేన్ ఆ ప్రయోగాన్ని నిలిపివేశారు. 2005 ఆరంభంలో కామెరూన్‌లోనూ అదే మందు ప్రయోగానికి అదే గతి పట్టింది.

అడగడానికి వారికి కారణం ఉంది. కొన్నేళ్ల ముందు నోనాక్సినాల్-9 అనే లేపనాన్ని నాలుగు దేశాల సెక్స్ వర్కర్లపై పరీక్షించగా, అది హెచ్ఐవీని ఆపకపోగా, ఎక్కువగా వాడినవారిలో ముప్పును పెంచినట్లు 2000లో తేలింది. ప్రయోగంలో చేరడం ఎప్పుడూ లాభమే అనుకోవడానికి వీల్లేదని ఆ ఫలితం చాటింది. మరోవైపు టెనోఫోవిర్ ఆధారిత మాత్ర నిజంగానే పనిచేస్తుందని తర్వాత రుజువై, 2012లో అమెరికాలో నివారణ మందుగా ఆమోదం పొందింది. తమకు ఎంతో ఉపయోగపడగల మందుకు సంబంధించిన ఆధారం సంపాదించే అవకాశం కంబోడియా మహిళలకు పోయింది, శాస్త్రవేత్తలకూ పోయింది. ఆ ప్రయోగాల మూసివేత నేపథ్యంలోనే ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం, అవాక్ సంస్థ కలిసి 2007లో సమూహ భాగస్వామ్యంపై మార్గదర్శకాలు తెచ్చాయి, 2011లో సవరించాయి.

అదే మందుతో మన దేశంలో జరిగిన కథ వేరు. మైసూరులో సెక్స్ వర్కర్లు స్వయంగా 2005లో ఏర్పాటు చేసుకొన్న 'అశోదయ సమితి', కోల్‌కతాలో సోనాగచ్చి మహిళల 'దుర్బార్' సంఘం ఈ మాత్రపై అధ్యయనాలను తామే ముందుండి నడిపాయి. రెండు నగరాల్లో కలిపి 1,300 మందికి పైగా మహిళలు చేరారు. మందు చేతికి రాకముందే చాలాకాలం చర్చలు జరిగాయి. మాత్ర ఉందంటే కస్టమరు కండోమ్ వద్దంటాడా, ఇంట్లో డబ్బా కనబడితే హెచ్ఐవీ ఉందనుకొంటారా, గర్భం వస్తే ఆపాలా అన్న సందేహాలన్నీ ముందే బయటకు వచ్చాయి. మాత్రలు వాడేవారికి తోడుగా నిలిచింది తోటి మహిళలే. మధ్యలో మానుకొన్నవారు అతి తక్కువ. ఇతర దేశాల్లో ఇటువంటి ప్రయోగాలు మందు సరిగా వాడకపోవడం వల్లనే విఫలమైన సందర్భాలు ఉన్నాయని గుర్తుంచుకొంటే, ఈ తేడా విలువ తెలుస్తుంది.

చట్టం ఇచ్చిన పట్టు

ఐసీఎంఆర్ 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు సెక్స్ వర్కర్లను ప్రత్యేక రక్షణ అవసరమైన వర్గాల్లో చేర్చాయి. సమూహాన్ని సంప్రదించాలి, కానీ సంఘం నాయకురాలి అంగీకారం ఏ ఒక్క మహిళ వ్యక్తిగత సమ్మతికీ బదులు కాదు అన్నది అందులోని కీలకమైన మాట. చదువురాని వ్యక్తి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి సమక్షంలో వివరించి వేలిముద్ర తీసుకోవాలి. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. పరీక్షకైనా, పరిశోధనకైనా సమ్మతి తప్పనిసరి చేసింది. ఒకరి హెచ్ఐవీ స్థితిని బయటపెట్టడాన్ని నిషేధించింది. 2019 నాటి కొత్త మందుల ప్రయోగ నిబంధనలు ప్రయోగం వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలంటున్నాయి.

వీటన్నిటికన్నా దూరం వెళ్లినది 2022 మే 19న బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. స్వచ్ఛందంగా ఈ వృత్తిలో ఉన్న వయోజనులను దాడుల సమయంలో అరెస్టు చేయరాదని, వారి కోసం చేసే విధానాల రూపకల్పనలో వారికి లేదా వారి ప్రతినిధులకు చోటుండాలని అది సూచించింది. ఆధార్ కార్డు ఇచ్చేటప్పుడు వృత్తి వివరం ఎక్కడా బయటపడరాదని కూడా ఆదేశించింది.

చట్టం చిక్కుముడులనూ తెస్తుంది. సర్వేలో ఎదురైన వ్యక్తికి పద్దెనిమిదేళ్లు నిండలేదని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. గోప్యత ఇస్తామన్న మాటకూ ఆ విధికీ పొంతన కుదరదు. బలవంతంగా తరలించి తెచ్చిన మహిళ తన కథ చెబితే ఏం చేయాలన్నదీ అంతే. నిజాయితీగల మార్గం ఒక్కటే, ఏయే విషయాలను దాచిపెట్టలేమో మొదటి మాటలోనే చెప్పడం. దానివల్ల కొందరు రాకపోవచ్చు. అబద్ధపు హామీతో వచ్చినవారికన్నా అది మేలు.

విల్లియనూరులో అయితే

ఇటువంటి పరిశోధన విల్లియనూరులోనో యానాంలోనో చేపడితే మొదటి ఆరు నెలల పని ప్రయోగశాలలో కాదు, సంభాషణల్లో ఉంటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలో సుమారు అరవై మంది మహిళలకు ఒక తోటి కార్యకర్త ఉంటారు. ఎవరు ఏ వేళకు ఖాళీగా ఉంటారో, ఎవరింటికి ఫోను చేయరాదో వారికే తెలుసు. అయితే వారినే సలహా మండలిలో కూర్చోబెట్టి ఊరుకోవడం సులువైన పొరపాటు. జీతం ఇచ్చే సంస్థను కాదనడం ఎవరికీ తేలిక కాదు. ఫోను మీద మాత్రమే పనిచేసే యువతులు, వయసు మీరి సంపాదన తగ్గినవారు, ఏ సంస్థలోనూ నమోదు కానివారు మండలికి రావాలంటే వేరుగా వెదకాలి.

చిన్న ఏర్పాట్లే పెద్ద ఫలితమిస్తాయి. కలిసే చోటు సాధారణ మహిళా వైద్యశాల అయితే గుమ్మంలో అడుగుపెట్టడం ఎవరికీ అనుమానం కలిగించదు. రక్తపోటు, మధుమేహం, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు కూడా అక్కడే జరిగితే ఆమెకు రావడానికి తనదైన కారణం ఉంటుంది. సమ్మతి పత్రం విల్లియనూరులో తమిళంలోనూ యానాంలో తెలుగులోనూ ఉండాలి, అదీ పత్రికా భాషలో కాదు, ఆ మహిళలు తమలో తాము మాట్లాడుకొనే మాటల్లో. పోయిన పనివేళకూ బస్సు చార్జీకీ ఇచ్చే డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడితే లెక్కాచారానికి బాగుంటుంది గానీ, పాస్‌బుక్కు భర్త చేతిలో ఉంటే సంస్థ పేరు ప్రశ్నగా మారుతుంది. వేలిముద్రలతో నమోదు చేయాలన్న ప్రతిపాదనను కెన్యాలో ఈ వృత్తిలోని సంఘాలు వ్యతిరేకించి విరమింపజేశాయి.

అన్నిటికన్నా కష్టమైనది వృత్తి మానివేసిన మహిళ సంగతి. ఏళ్లు గడిచేకొద్దీ కొందరు ఊరు మారతారు, కొందరు పెళ్లి చేసుకొంటారు, కొందరు దుకాణం పెట్టుకొంటారు. శాస్త్రం దృష్టిలో వారి సమాచారం ఎంతో విలువైనది. నైరోబీలో వైరస్ సోకకుండా ఉండిపోయిన మహిళల్లో కొందరికి, పనికి విరామం ఇచ్చిన తర్వాత అది సోకినట్లు కనుగొన్నది కూడా అటువంటి సమాచారంతోనే. కానీ పాత జీవితాన్ని దాటి వచ్చిన ఆమెకు మూడు నెలలకోసారి మోగే ఆ ఫోను ఇష్టం కాకపోవచ్చు. అందుకే చేరిన రోజునే ఆమెను అడిగి రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వృత్తి మానితే పిలవవచ్చా, పిలిస్తే ఎవరి పేరుతో పిలవాలి, ఎవరైనా ఫోను ఎత్తితే ఏం చెప్పాలి, ఆమె వద్దంటే శీతలగిడ్డంగిలో ఉన్న ఆమె రక్తనమూనాను పారవేయాలా, ఉంచాలా. నమూనాను వెనక్కి కోరే హక్కును ఐసీఎంఆర్ మార్గదర్శకాలు గుర్తించాయి. దానిపై పేరు తొలగించి సంఖ్య కూడా చెరిపివేసిన తర్వాత మాత్రం ఏ నమూనా ఎవరిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. కాబట్టి ఆ చెరిపివేత ఎప్పుడు జరుగుతుందో, దానికి ముందు ఎంత గడువు ఉందో ఆమెకు తారీఖుతో సహా తెలియజేయవలసి ఉంటుంది.